ఇంటిపేరు మార్చుకునే లుకేమియా

పసిపిల్లల లుకేమియాలో అరుదుగా ఒక వింత కనిపిస్తుంది. మొదట లింఫోసైట్ల జాతికి చెందినదని తేలిన జబ్బు మందులకు లొంగుతుంది, మూలుగ శుభ్రపడుతుంది, కొన్ని వారాలకో నెలలకో తిరగబెడుతుంది. తిరగబెట్టిన కణాలను పరీక్షిస్తే అవి లింఫోసైట్ల జాతివి కావు, మైలాయిడ్ జాతివి. వైద్యులు దీన్ని 'లినియేజ్ స్విచ్' అంటారు. తెలుగులో దీనికి సరిపోయే మాట ఇంటిపేరు మారడం. దత్తు వెళ్లిన పిల్లవాడి ఇంటిపేరు మారుతుంది, పుట్టుక మాత్రం మారదు. ఈ కణాల సంగతీ అంతే. పైకి కనిపించే గుర్తులు మారిపోయినా, జబ్బును పుట్టించిన జన్యుదోషం మొదటి రోజున ఏదో చివరి రోజునా అదే. ఈ సంగతి తెలుసుకోవడానికి వైద్యశాస్త్రానికి నూట యాభై ఏళ్లకు పైగా పట్టింది.

రక్తకణాలన్నీ ఎముక మూలుగలో పుడతాయి. అక్కడ కొద్ది సంఖ్యలో ఉండే మూలకణాలు తమను తాము నిలుపుకుంటూనే రెండు పెద్ద కొమ్మలుగా సంతానాన్ని ఇస్తాయి. ఒక కొమ్మ లింఫాయిడ్: బి, టి లింఫోసైట్లు అందులోవి. రెండోది మైలాయిడ్: ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, న్యూట్రోఫిల్స్, మోనోసైట్లు దాని సంతానం. పిల్లల లుకేమియాల్లో నాలుగింట మూడు వంతులు లింఫాయిడ్ రకానివి. వాటిని ఏఎల్ఎల్ అంటారు. మైలాయిడ్ రకం ఏఎంఎల్.

ఈ జబ్బును 1845లో ఎడిన్‌బరాలో జాన్ హ్యూస్ బెన్నెట్, బెర్లిన్‌లో రుడాల్ఫ్ విర్కో దాదాపు ఒకే సమయంలో వర్ణించారు. తెల్ల రక్తం అనే అర్థంలో లుకేమియా అన్న పేరు 1847లో విర్కో పెట్టినదే. రక్తం పుట్టేది మూలుగలోనని 1868లో కోనిగ్స్‌బర్గ్‌లో ఎర్నెస్ట్ నాయ్‌మన్ చెప్పాడు. లుకేమియా వేరు కూడా అక్కడే ఉందని రెండేళ్ల తర్వాత చూపించాడు. కణాలను విడివిడిగా గుర్తుపట్టే పని పాల్ ఎర్లిక్ రంగులతో మొదలైంది. గాజు పలక మీద ఒక రక్తపు బొట్టును పలచగా పూసి, ఆరబెట్టి, రంగు వేసి చూస్తే లింఫోసైట్ గుండ్రటి ముదురు ఊదా కేంద్రకంతో, చుట్టూ సన్నని నీలి అంచుతో కనిపిస్తుంది. మైలాయిడ్ కణంలో రవ్వలు ఉంటాయి. కొన్ని లుకేమియా కణాల్లో సూదుల్లాంటి ఎర్రని పుల్లలు కూడా కనిపిస్తాయి. ఆవర్ రాడ్స్ అనే ఆ పుల్లలు ఒక్కటి కనిపించినా అది మైలాయిడ్ అని తేల్చేయవచ్చు. 1900లో ఒట్టో నేగెలి మైలాయిడ్ కొమ్మలోని తొలిదశ కణమైన మైలోబ్లాస్ట్‌ను వేరుగా గుర్తించాక, లుకేమియాకు రెండు ఇంటిపేర్లు స్థిరపడ్డాయి.

రంగును బట్టి పెట్టిన ఈ పేర్ల కింద పెద్ద తగాదా ఉండేది. రెండు కొమ్మలకూ రెండు వేర్వేరు మూలాలని ఒక పక్షం వాదించింది. అన్ని రక్తకణాలకూ తల్లి ఒకటేనని 1909లో రష్యన్ శాస్త్రవేత్త అలెగ్జాండర్ మాక్సిమోవ్ అన్నాడు. ఆయన మాట నిజమని నిరూపించే ప్రయోగం రావడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. 1961లో టొరంటోలో జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ ఎలుకల మూలుగను రేడియేషన్‌తో నాశనం చేసి, వేరే ఎలుకల మూలుగ కణాలను ఎక్కించారు. పది రోజులకు ఆ ఎలుకల ప్లీహం మీద బుడిపెలు లేచాయి. ఒక్కో బుడిపె ఒక్క కణం సంతానమేననీ, అందులో పలు రకాల రక్తకణాలు ఉన్నాయనీ 1963 నాటికి తేలింది. మూలకణం అప్పటిదాకా ఊహ మాత్రమే. ఆ ప్రయోగంతో అది లెక్కపెట్టగలిగే వస్తువు అయింది.

ఈ వాదం తేలకముందే, జబ్బుకు తొలి మందు వచ్చేసింది. అది తెలుగువాడి కృషితో వచ్చింది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి 1922లో అమెరికా చేరారు. ఆయన అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే పేగు వ్యాధితో చనిపోయారు. ఆ వ్యాధి ఆయననూ పట్టి పీడించింది. స్ప్రూ రోగికి తిండిలోని ఫోలిక్ ఆమ్లం ఒంటబట్టదు, రక్తం పలచబడుతుంది. ఆ పోషకం జాడ మొదట దొరికింది కూడా మన దేశంలోనే. 1930 ప్రాంతంలో బొంబాయి మిల్లు కార్మిక స్త్రీలలో గర్భిణుల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్, ఈస్ట్ సారంతో అది తగ్గుతుందని కనిపెట్టింది. హార్వర్డ్‌లో ఏటీపీ మీద గొప్ప పని చేసిన సుబ్బారావు 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది.

బోస్టన్‌లో పిల్లల పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలను ఇచ్చి చూశాడు. జబ్బు తగ్గకపోగా మరింత ఉరకలు వేసినట్టు అనిపించింది. ఫార్బర్ అక్కడితో ఆగలేదు. ఫోలిక్ ఆమ్లం జబ్బును పెంచుతుంటే, ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డగించేది తగ్గించాలి కదా అని తర్కించాడు. సుబ్బారావు బృందంలో డోరిస్ సీగర్ తదితరులు తయారుచేసిన అమినోప్టెరిన్ అచ్చంగా అలాంటిదే. చూడటానికి ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటుంది, కణం దాన్ని మేలిరకపు సరుకు అనుకొని లోపలికి తీసుకుంటుంది, డీఎన్ఏ తయారీ అక్కడ ఆగిపోతుంది. 1947 చివర్లో మొదలైన ఆ చికిత్సలో 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గింది. ఆ ఫలితాలు 1948 జూన్ 3న అచ్చయ్యాయి. రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు మరణించారు. అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ నేటికీ ఏఎల్ఎల్ చికిత్సలో ఉంది. అనంతపురం నుంచి అడయారు దాకా ఏ ఆసుపత్రిలో ఏ బిడ్డకు ఆ పసుపు రంగు మందు ఎక్కుతున్నా, దాని వెనుక భీమవరం పేరు ఉంది. మన పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కిన చోటు ఇంతటి పనికి చాలదు.

ఆ మందు పనితీరులో గమనించవలసిన విషయం ఒకటుంది. అది కణం ఇంటిపేరు అడగదు. వేగంగా విభజన చెందే ప్రతి కణాన్నీ ఆపుతుంది. అందుకే నోటిపూతా, జుట్టు రాలడమూ వస్తాయి. మందులు పెరిగేకొద్దీ మాత్రం ఇంటిపేరుకు ప్రాధాన్యం వచ్చింది. విన్‌క్రిస్టిన్, స్టెరాయిడ్లు, ఆస్పరాజినేజ్ లింఫాయిడ్ కణాల మీద బాగా పనిచేశాయి. మైలాయిడ్ రకానికి సైటరబిన్, డౌనోరూబిసిన్ అవసరమయ్యాయి. మొదటిది రెండేళ్లకు పైగా సాగే చికిత్స, రెండోది కొన్ని నెలల్లో ముగిసే కఠినమైన చికిత్స. 1976లో ఫ్రెంచి, అమెరికన్, బ్రిటిష్ నిపుణులు కలిసి సూక్ష్మదర్శినిలో కనిపించే రూపాన్ని బట్టి లుకేమియాలను వర్గీకరించారు. మన దేశంలో 1980ల్లో ముంబై టాటా మెమోరియల్, ఢిల్లీ ఎయిమ్స్, అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి ఎంసీపీ-841 అనే ఉమ్మడి పద్ధతిని అమలు చేయడంతో ఏఎల్ఎల్ పిల్లలకు బతుకుమీద ఆశ పెరిగింది. బెంగళూరులో కిద్వాయ్ ఆసుపత్రి 1973 నుంచీ, హైదరాబాదులో ఎంఎన్‌జే 1955 నుంచీ ఉన్నాయి. పేరు తప్పుగా పెడితే బిడ్డకు తప్పు మందు పడే పరిస్థితి అన్ని చోట్లా ఒకటే.

1975లో కోలర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీల తయారీ పద్ధతి కనిపెట్టాక, కణం ఉపరితలం మీది ప్రొటీన్లను చూసి జాతి చెప్పడం సాధ్యమైంది. సీడీ19 ఉంటే బి జాతి, సీడీ3 ఉంటే టి జాతి, సీడీ33, సీడీ13 వంటివి మైలాయిడ్ గుర్తులు. కొత్త పద్ధతి వచ్చాక లెక్కలు సులువవుతాయని అనుకుంటే చిక్కులు పెరిగాయి. ఒకే కణం మీద రెండు ఇళ్ల గుర్తులూ కనిపించసాగాయి. 1984లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల ఆసుపత్రి వైద్యులు, జబ్బు తిరగబెట్టిన 89 మంది పిల్లలను పరిశీలించి, ఆరుగురిలో కణాల జాతి మారిపోయిందని ప్రకటించారు. లినియేజ్ స్విచ్ అనే మాట వైద్య సాహిత్యంలో స్థిరపడింది అప్పుడే.

దీనికి రెండు వివరణలు వచ్చాయి. కణం తన జాతి ధర్మం తప్పిందని ఒక వర్గం అంది. లండన్‌లో మెల్ గ్రీవ్స్ 1986లో ఇంకో మాట చెప్పాడు. ఏ కొమ్మకు వెళ్లాలో ఇంకా నిర్ణయించుకోని మామూలు మూలకణంలోనే రెండు కొమ్మల జన్యువులూ కొద్దికొద్దిగా మేల్కొని ఉంటాయని, లుకేమియా ఆ దశను అలాగే పట్టి నిలిపేస్తుందని ఆయన వాదం. తర్వాతి పరిశోధన చాలావరకు ఈ వాదాన్నే బలపరిచింది. గ్రీవ్స్ వాదానికి ముందే ఒక సాక్ష్యం సిద్ధంగా ఉంది. పెద్దల్లో వచ్చే సీఎంఎల్ అనే దీర్ఘకాలిక లుకేమియాలో 1960లో ఫిలడెల్ఫియా క్రోమోజోము అనే దోషం బయటపడింది. పుట్టుకతో రెండు రూపాల జీ6పీడీ ఎంజైము ఉన్న కొందరు స్త్రీలకు ఆ జబ్బు వచ్చినప్పుడు, వారి ఎర్రకణాలు, తెల్లకణాలు రెండింటిలోనూ ఒకే రూపం ఉందని 1967లో ఫిలిప్ ఫియాల్కో బృందం చూపింది. అంటే జబ్బంతా ఒక్క ఆది కణం సంతానమే. పైకి మైలాయిడ్ జబ్బుగా కనిపించే సీఎంఎల్ ముదిరినప్పుడు కొందరిలో లింఫాయిడ్ రూపం దాల్చడం 1970ల్లో వైద్యులు చూశారు. మూలం మూలకణంలో ఉన్నప్పుడే అది సాధ్యం.

పిల్లల్లో, అందులోనూ ఏడాది లోపు పసికందుల్లో, ఈ కథ పదకొండో క్రోమోజోము మీది ఒక జన్యువు చుట్టూ తిరుగుతుంది. దాని పాత పేరు ఎంఎల్ఎల్, నేటి పేరు కేఎంటీ2ఏ. 1991-92లో కొన్ని ప్రయోగశాలలు దాన్ని పట్టుకున్నాయి. ఈ జన్యువు తెగి మరో క్రోమోజోము ముక్కకు అతుక్కుంటే ఏర్పడే ప్రొటీను, మూలకణ దశలో మాత్రమే తెరిచి ఉండవలసిన జన్యువులను మూయనివ్వదు. పసికందుల ఏఎల్ఎల్‌లో 70 నుంచి 80 శాతం మందిలో ఈ దోషం ఉంటుంది. వారి కణాలు పేరుకు బి జాతివే గాని, కొన్ని మైలాయిడ్ గుర్తులనూ మొదటి రోజు నుంచే మోస్తుంటాయి. ఇంటిపేరు మార్చుకోవడం ఎక్కువగా కనిపించేది వీటిలోనే.

జబ్బు ఎప్పుడు మొదలైందన్న ప్రశ్నకు జవాబు అనుకోని చోట దొరికింది. పాశ్చాత్య దేశాల్లో పుట్టిన ప్రతి శిశువు మడమ నుంచి కొద్ది రక్తపు బొట్లను దట్టమైన వడపోత కాగితం మీద అద్ది ఆరబెడతారు. రాబర్ట్ గత్రీ 1960ల్లో ప్రవేశపెట్టిన ఈ కార్డులు కొన్ని జన్మజాత జబ్బులను పట్టడానికి ఉద్దేశించినవి. కార్డు మీద బొట్టు గోధుమ రంగులోకి తిరిగి ఏళ్ల తరబడి బీరువాల్లో పడి ఉంటుంది. 1997లో గ్రీవ్స్ బృందం కేఎంటీ2ఏ లుకేమియా వచ్చిన పిల్లల పుట్టిన నాటి కార్డులను తీయించి, ఆ ఎండిన బొట్టులో జన్యుదోషాన్ని వెతికింది. అది అక్కడ ఉంది. బిడ్డ లోకం చూడక ముందే, తల్లి గర్భంలోనే, దోషం పుట్టిందన్నమాట. కవలల్లో ఒకరి నుంచి మరొకరికి మాయ ద్వారా ఆ కణాలు చేరతాయని 1993లోనే తేలింది. అందుకే ఈ రకం కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికీ వచ్చే అవకాశం ఎక్కువ. ఈ సంగతి తెలిస్తే చాలామంది తల్లుల గుండె మీది బరువు కొంత దిగుతుంది. ఏం తిన్నామో, ఎక్కడ తిరిగామో అని తమను తాము తప్పుపట్టుకునే అమ్మలకు ఇది చెప్పి తీరవలసిన విషయం: ఇది ఎవరి తప్పూ కాదు, కణ విభజనలో జరిగిన పొరపాటు.

పిల్లల్లో మరింత తరచుగా వచ్చే ఈటీవీ6-రన్‌ఎక్స్1 రకం ఏఎల్ఎల్ కూడా గర్భంలోనే మొదలవుతుంది. 2008లో ఒక కవల జంటను పరిశీలించినప్పుడు, ఆరోగ్యంగా ఉన్న బిడ్డలోనూ లుకేమియాకు ముందుమెట్టు కణాలు దొరికాయి. అయితే అవి అప్పటికే బి కొమ్మ గుర్తును తొడుక్కున్నవి. ఈ రకం ఇంటిపేరు మార్చడం అంత అరుదు కావడానికి ఇది సరిపోయే కారణంలాగే ఉంది.

కొమ్మ మారిన కణం నిజంగా పాత కణం సంతానమేనా, లేక కీమో వల్ల పుట్టిన కొత్త జబ్బా అన్న సందేహం తీర్చడానికి ఒక ముద్ర ఉపయోగపడింది. ప్రతి బి కణమూ ఎదుగుతున్నప్పుడు తన యాంటీబాడీ జన్యువులను కత్తిరించి అతికించుకుంటుంది. ఆ అతుకు ఒక్కో కణానికి ఒక్కో తీరు, చెరిగిపోదు. కొందరు రోగుల్లో తిరగబెట్టిన మైలాయిడ్ కణాల్లో అదే అతుకు దొరికింది. అంటే ఒకప్పటి బి కణమే వేషం మార్చింది. మరికొందరిలో కేఎంటీ2ఏ దోషం అదే, అతుకు మాత్రం లేదు. ఇక్కడ జబ్బు మళ్లీ పుట్టింది బి కొమ్మలో కాదు, కొమ్మ చీలకముందున్న ఆది కణంలో. రెండు దారులూ నిజమే. వేషం మార్చడం అసాధ్యం కాదని 2004లో థామస్ గ్రాఫ్ బృందం ఎలుక బి కణాల్లో సీ/ఈబీపీ ఆల్ఫా అనే ఒక్క నియంత్రక ప్రొటీనును ఎక్కించి చూపించింది. ఆ కణాలు మ్యాక్రోఫేజ్‌లుగా మారిపోయాయి. 2018లో సెయింట్ జూడ్ శాస్త్రవేత్తలు రెండు జాతుల గుర్తులూ కలిసి ఉన్న మిశ్రమ లుకేమియాల జన్యువులను చదివి, రెండు రూపాల కణాల్లోనూ ఒకే మూల మార్పులున్నాయని తేల్చారు. 2022లో న్యూకాసిల్ బృందం, కొమ్మ మార్పును నడిపించే మీట డీఎన్ఏలో కొత్త దోషం కన్నా ఎక్కువగా దాన్ని చుట్టి ఉంచే నియంత్రణ వ్యవస్థలోనే ఉందనీ, సీహెచ్‌డీ4 అనే ప్రొటీను సన్నగిల్లడం అందులో ముఖ్యమనీ చూపింది.

ఈ జ్ఞానం ప్రయోగశాల గోడలు దాటి ఆసుపత్రి మంచం దాకా రావడం కొత్త చికిత్సల వల్ల జరిగింది. హోసూరు రోడ్డు మీద చందాపుర కూడలికి కాస్త ఇవతల, బెంగళూరు వైపు, బొమ్మసంద్రలో నారాయణ హెల్త్ సిటీ ఉంది. అందులో మజుందార్ షా క్యాన్సర్ కేంద్రం 2009లో మొదలైంది.   అదే ప్రాంగణంలో, 2019లో కిరణ్ మజుందార్ షా, సిద్ధార్థ ముఖర్జీ, కుష్ పర్మార్ స్థాపించిన ఇమ్యునీల్ సంస్థ కార్-టి కణాలను తయారు చేస్తుంది. రోగి రక్తంలోంచి టి కణాలను వేరుచేసి, వైరస్ వాహకంతో వాటిలో ఒక కొత్త జన్యువును చొప్పించి, పెంచి, గడ్డకట్టించి, మళ్లీ రోగికే ఎక్కిస్తారు. ఆ జన్యువు టి కణానికి ఒకే ఒక ఆనవాలు నేర్పుతుంది: సీడీ19 కనిపిస్తే చంపు. బార్సిలోనా ఆసుపత్రి సాంకేతికతతో తయారైన ఈ మందు 2025 జనవరిలో కర్టెమీ పేరుతో పెద్దల లింఫోమాకు విడుదలైంది. అంతకు ముందు, 2023 అక్టోబరులో, ముంబైలో పుట్టిన నెక్స్‌కార్19కు 15 ఏళ్లు నిండిన రోగులకు అనుమతి వచ్చింది.

సుబ్బారావు మందు ఇంటిపేరు అడగదు. కార్-టి ఇంటిపేరు తప్ప మరేదీ చూడదు. దాని బలమంతా అదే, బలహీనత కూడా అదే. 2016లో ఫలితాలు ప్రచురించిన సియాటిల్ వైద్యులు, కేఎంటీ2ఏ దోషమున్న ఏడుగురు రోగులకు సీడీ19 కార్-టి ఇచ్చారు. ఏడుగురిలోనూ జబ్బు మాయమైంది. నెల తిరగకుండానే ఇద్దరిలో ఏఎంఎల్‌గా తిరిగి వచ్చింది. సీడీ19 తీసేసి మైలాయిడ్ వేషం వేసుకున్న కణాన్ని టి కణాలు గుర్తుపట్టలేకపోయాయి. అదే సీడీ19ను గురిపెట్టే బ్లినాటుమొమాబ్ అనే మందు తర్వాత కూడా ఇలాంటి కేసులు వచ్చాయి. ఇంత చెప్పి ఆ మందులను తక్కువ చేయడం న్యాయం కాదు. 2023లో అచ్చయిన ఫలితాల ప్రకారం, యూరప్ వైద్యులు 30 మంది పసికందులకు కీమోతో పాటు బ్లినాటుమొమాబ్ ఇస్తే, రెండేళ్ల తర్వాత జబ్బు లేకుండా ఉన్నవారు సుమారు 82 శాతం. పాత చికిత్సలో అది 49 శాతమే.

ఇప్పుడు చూపు మళ్లీ వేరు మీదికి మళ్లింది. కేఎంటీ2ఏ కలయిక ప్రొటీను పనిచేయాలంటే మెనిన్ అనే మరో ప్రొటీను తోడు కావాలి. ఆ జోడీని విడదీసే రెవ్యుమెనిబ్ మాత్రకు 2024 నవంబరులో అమెరికాలో అనుమతి లభించింది. ఏడాది నిండిన పిల్లల నుంచి పెద్దల దాకా, జబ్బు తిరగబెట్టినవారికి దాన్ని ఇవ్వవచ్చు. అందులో ఏఎల్ఎల్, ఏఎంఎల్ అన్న భేదం పెట్టలేదు, జన్యుదోషం ఉంటే చాలు. వేరునే మార్చేసే మరో పద్ధతి మూలుగ మార్పిడి. మన దేశంలో అది 1983లో టాటా మెమోరియల్‌లో, 1986లో వెల్లూరు సీఎంసీలో మొదలైంది. కొమ్మ మారి తిరగబెట్టిన పిల్లలకు సాధారణంగా ముందు ఏఎంఎల్ చికిత్స ఇచ్చి, జబ్బు అదుపులోకి వస్తే మార్పిడి చేస్తారు. ఆ దారి కష్టమైనది, అందరికీ ఫలించదు.

తిరగబెట్టిన ప్రతిసారీ మూలుగ పరీక్షలో పాత గుర్తులు మాత్రమే వెతికితే వేషం మార్చిన కణం చేజారుతుంది. అందుకే కణాల మీది గుర్తులను చదివే ఫ్లో సైటోమెట్రీ పరీక్షలో బి గుర్తులతో పాటు మైలాయిడ్, మోనోసైట్ గుర్తులనూ చూడాలి. కేఎంటీ2ఏ పరీక్ష మొదటి రోజే చేయించాలి. రెండో నివేదికను దేనితో పోల్చాలో తెలియాలంటే మొదటిది చేతిలో ఉండాలి. బిడ్డకు జబ్బు బయటపడిన నాటి మూలుగ నివేదిక, ఫ్లో నివేదిక, జన్యు పరీక్ష కాగితాలను ఊరు మారినా ఆసుపత్రి మారినా తల్లిదండ్రులు పారేయకుండా దాచుకోవాలి.